కాటా రెండు

చిత్తూరులో, పుత్తూరు రోడ్డు పక్కన
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ మూతబడి రెండేళ్లు.
గేటు దాటితే ఇంకా తోతాపురి వాసన,
పులిసి, ఎండి, గోడలకు పట్టేసిన వాసన.
దాన్ని తుడిచే పని మాది కాదు.

మా పని ముప్పైఒక్క కంప్యూటర్లు.
నేనూ, షాహీనూ,
తిరుపతి నుంచి తెచ్చిన రెండు తుడుపు పెట్టెలూ,
ఒక డ్రిల్లు మిషనూ,
సంతకం కోసం కాసుకోనున్న సర్టిఫికెట్ల కట్టా.

డిలీట్ కొడితే పోయిందనుకుంటారు జనం.
పోదు.
వాకిట్లో పేరుపలక పీకినట్టు, అంతే.
ఇంట్లో మనుషులు ఆడనే కూర్చోనుంటారు,
తట్టేది తెలిసినోడు తడితే పలుకుతారు.
అందుకే మేము గది గదికీ పోతాం.
మొదట సున్నాలు. ఆ మీద ఒకట్లు.
మూడో తడవ అర్థం పర్థం లేని అంకెలు,
పిచ్చోడు గోడ మీద గీకినట్టు.
ఆఖర్న ఏదో ఒక గది తలుపు తీసి చూస్తాం,
ఎవురన్నా మిగిలినారా అని.

అంతకు ముందు మాత్రం చూడకూడదు, అదీ మా పనే.
జీతాల పట్టీలు, ఆధార్ నంబర్లు,
ఏ గుమాస్తా కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలో
ఉంటాయని తెలుసు.
ఉన్నాయని చూడం.

పదకొండింటికి వాచ్‌మన్ చెంగల్రాయులు
ఒకామెను వెంటబెట్టుకోనొచ్చినాడు.
కన్నెమ్మ. బంగారుపాళ్యం కాడ మూడెకరాల తోట.
కొంగుముడి విప్పి కాటా చీటీ చాపింది.
"నాలుగు టన్నుల ఆరొందల కిలోలు నాయనా.
దుడ్లు ఇంగా రాలే."

చీటీ తెల్లగా ఉంది.
ఆ కాగితం జాతే అంత,
సిరాతో రాయరు, వేడితో కాలుస్తారు.
నేను మూడు తడవలు తుడవాల్సింది
ఆమె కొంగులో చెమట
సర్టిఫికెట్టు లేకుండానే తుడిచిపెట్టింది.

"దీంట్లో పోతే పోనీ, దాంట్లో ఉంది గదా"
అని బల్ల మీది పెట్టెను చూపించింది.
'కాటా రెండు' అని స్కెచ్ పెన్నుతో రాసుంది దాని మీద.
షాహీన్ నా పక్క చూసింది.
నేను మౌసు మీంచి చెయ్యి తీసినా.

చెన్నైకి ఫోను కొడితే
"కాపీ మా సర్వర్లో ఉంది, కానీండి" అన్నాడొక సారు.
రాసి పంపండి అన్నా.
"రాసేదేముంది?"
రాసి పంపండి సార్, అందాకా ఇది కదలదు.
నా నౌకరికి అంత గొంతు ఎప్పుడొచ్చిందో.

కన్నెమ్మ మెట్ల మీద కూర్చుంది.
తక్కిన ముప్పై అయిపోయినాయి.
ఒకదాంట్లో చెడిన చోటు ఉండింది,
బండ మీదికి కాలవ నీళ్లెక్కనట్టు
తుడుపు అక్కడికి పారలేదు.
దానికి డ్రిల్లే.
మూడు బొక్కలు. వెండి రంగు పొడి
నా చెప్పుల మీద రాలింది.

నాలుగున్నరకు మెయిలొచ్చింది, రెండే లైన్లు.
ప్రింటర్లన్నీ మూటగట్టేసినాం,
ఫోన్లోనే చదివి వినిపించినా.
"ఉందంటే, ఇస్తామని కాదు గదా" అనింది.
కాదు.

అప్పుడు నొక్కినా.
ఎనభై జీబీ పాత డిస్కు, మూడు తడవలకు గంటా పది నిమిషాలు.
నీలం గీత సాగతా ఉంటే
ఆమె తూకం ముల్లును చూసినట్టు చూసింది.

తెల్లబడిన చీటీ వెనక
బాల్‌పెన్నుతో అదిమి రాసిచ్చినా,
డిస్కు నంబరు, తేదీ, టైము,
మెయిలు పంపినాయన పేరు,
నాలుగు టన్నుల ఆరొందల కిలోలు, ఆమె చెప్పిన ప్రకారం.
కింద నా సంతకం.
అట్లా ఇయ్యొచ్చో లేదో ఎవుర్నీ అడగలేదు.
"చెల్లుతుందా?"
తెలీదమ్మా. చెరగదు మటుకు.

పూతలపట్టు దాటినాక వ్యాన్లో షాహీన్ అడిగింది,
"ఆమె లెక్క నిజమేనా?
తుడిచే ముందు ఒక్క చూపు చూసుండొచ్చు గదా."
నేను పలకలేదు.
వెనకాల డిస్కుల పెట్టెలు గలగలమంటా ఉన్నాయి.
పొద్దున మోసినంత బరువే
సాయంత్రమూ మోసినాం.